పోటు అంటే ఏమి నాయనా?

కిందటి సంచిక అందరికీ అందిన మూడవనాడు మాకొక చీటీ వచ్చినది. పంపినవారు మన సంఘంలో వయసుకు పెద్దలు, వరసకు మాకు పెదనాన్నగారు. మనుమడి చేతికిచ్చి పంపినారు. ఆ పిల్లవాడు చీటీ మా చేతిలో పెట్టి, "తాత ఏమి రాసినారో తెలియదు చిత్తప్పా, నాకు ఆ అక్షరాలు రావు" అని తమిళంలో చెప్పి, సైకిలెక్కి వెళ్ళిపోయినాడు.

చీటీలో ఉన్నది ఇది: "నాయనా, నీవు రాసేది ప్రతి నెలా చదువుతున్నాను. అంతకు ముందు నెల తోకచుక్క, కిందటి నెల గ్రహణం. బాగానే ఉన్నవి. ఇక కృష్ణబిలాల మీద రాస్తానన్నావు. మన పిల్లలకు ఇంటిపేరు తెలుగులో రాయడం రాదు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికి ఎక్కినట్టున్నది మన సంగతి. మీ పెద్దమ్మ నాకు రాసిన ఉత్తరాలు పెట్టెలో ఉన్నవి. నా తర్వాత వాటిని చదివేవారెవరో ముందు చెప్పు. నక్షత్రాల మాట తర్వాత చూద్దాం."

మేము ఆ చీటీని నాలుగుసార్లు చదివినాము. కోపంతో రాసినదైతే జవాబు సులభంగా ఉండేది. ఇది కోపం కాదు. అందువల్ల ఈ నెల రెండు పనులు పెట్టుకున్నాము. ఇస్తామన్న మాట ప్రకారం నక్షత్రాల సంగతి చెప్పడం ఒకటి, పెదనాన్నగారికి సమాధానం చెప్పడం రెండవది. మొదటిది ముగిసేసరికి రెండవది దానంతట అదే తేలుతుందేమోనని మా ఆశ.

ఈ విషయాన్ని మా నెత్తిన పెట్టినది మా పెద్దమ్మాయి. పన్నెండవ తరగతి చదువుతున్నది. ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, బడిలో తమిళం, పుస్తకాల్లో ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మాత్రం అంతంతమాత్రం. ఒకనాటి రాత్రి అన్నాల వేళ, "నాయనా, ఒక కృష్ణబిలం నక్షత్రాన్ని చీల్చి తినేసిందట, అది మీ పత్రికలో రాస్తారా?" అన్నది. మేము మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తా పనిలో పడినవాళ్ళం. కనుక ఒక ఒప్పందం చేసుకున్నాము. విషయం ఆమె విడమరచి చెప్పాలి, మేము దానిని తెలుగులో పెట్టాలి, పెట్టినది చదివి వినిపించాలి, తప్పుంటే ఆమె దిద్దాలి.

మొదటి వాక్యంలోనే బండి ఆగినది. నక్షత్రాన్ని చీల్చే బలం పేరేమిటి? తమిళ పుస్తకంలో ఓదం అని ఉన్నదట, అంటే సముద్రపు ఆటుపోట్లు. మేము "పోటు" అని రాసినాము. ఆమె తలెత్తి, "పోటు అంటే ఏమి నాయనా? అవ్వ తలపోటు అంటుందే, అదా?" అన్నది. మేము నవ్వినాము. తర్వాత ఆలోచిస్తే నవ్వవలసిన మాట కాదని తోచినది. సముద్రం పొంగడం కూడా పోటే, లోపలినుంచి పొడిచినట్టు లాగే నొప్పి కూడా పోటే. నక్షత్రానికి జరిగేది రెండవదానికి దగ్గరగానే ఉన్నది.

మన బొమ్మిడిలో సముద్రం లేదు. సేర్వరాయన్ కొండ ఉన్నది, కొండమీదనుంచి దిగే వాణియారు ఉన్నది. కాబట్టి పోటును కొండవాలు మీదనే చెబుతాము. పదిమంది పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకుని, ఒక వరుసగా వాలు దిగుతున్నారనుకోండి. పైన వాలు తక్కువ, కిందికి పోయేకొద్దీ నిట్టనిలువు. ముందున్నవాడి కాళ్ళు తమంతట తామే పరుగెత్తుతవి. చివరివాడు ఇంకా నింపాదిగానే నడుస్తుంటాడు. మధ్యలో ఎక్కడో రెండు చేతుల పట్టు జారుతుంది. వాలు మొదటినుంచి చివరదాకా ఒకే తీరుగా ఉంటే, అది ఎంత ఏటవాలైనా సరే, పిల్లలందరూ ఒకే వేగంతో దిగుతారు, పట్టు తప్పదు. అంటే వరుసను తెంచేది లాగుడు ఎంత అన్నది కాదు. ముందరివానికీ వెనుకవానికీ లాగుడులో ఎంత తేడా అన్నది. ఆ తేడా పేరే పోటు.

నమ్మకం కుదరనివారికి ఒక లెక్క. భూమిని సూర్యుడు లాగే బలం చంద్రుడు లాగే బలంకంటె సుమారు 180 రెట్లు. అయినా సముద్రంలో సూర్యుడు తెచ్చే పోటు చంద్రుడు తెచ్చే పోటులో సగమైనా ఉండదు. చంద్రుడు దగ్గరివాడు గనుక భూమి ఈ వైపుకూ ఆ వైపుకూ అతని లాగుడులో తేడా ఎక్కువ. సూర్యుడు గట్టిగా లాగుతాడు గాని, దూరంనుంచి రెండు వైపులనూ ఇంచుమించు సమానంగా లాగుతాడు.

ఇప్పుడు కృష్ణబిలం దగ్గరికి పోదాము. దాదాపు ప్రతి పెద్ద గెలాక్సీ నడుమా లక్షల, కోట్ల సూర్యుల బరువున్న కృష్ణబిలం ఒకటి ఉంటుందని శాస్త్రజ్ఞులు చెబుతారు. పది లక్షల సూర్యుల బరువున్నదొకటి తీసుకుందాం. మన సూర్యునివంటి నక్షత్రం దారి తప్పి దానికి సుమారు 7 కోట్ల కిలోమీటర్ల దూరంలోకి వచ్చినదా, అంతే సంగతులు. సూర్యునికీ భూమికీ మధ్యనున్న 15 కోట్లలో అది సగంకంటె తక్కువ. అక్కడ నక్షత్రం ముందువైపుకూ వెనుకవైపుకూ లాగుడులో తేడా, నక్షత్రం తన్ను తాను పట్టుకుని ఉండే బలాన్ని మించిపోతుంది. నక్షత్రం పొడవుగా సాగి, చీలి, వాయువు పాయగా మారుతుంది. దీని లెక్కలను 1988లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు మార్టిన్ రీస్ వివరించినాడు. చీలినదానిలో సుమారు సగం బయటికి విసరబడి తిరిగి రాదు. మిగిలిన సగం వెనుకకు మళ్ళి బిలం చుట్టూ తిరుగుతూ, తనతో తాను ఢీకొని కాగి, వెలుగుతుంది. బడబాగ్నివంటి ఆ వెలుగు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు సంవత్సరాల తరబడి ఉంటుంది.

ఇక్కడ మా అమ్మాయి మమ్మల్ని ఒక ప్రశ్న వేసినది. కృష్ణబిలం ఎంత పెద్దదైతే అంత బాగా చీలుస్తుంది కదా అని మేమనుకున్నాము. కాదట. పది లక్షల సూర్యుల బిలానికి గడప, అంటే దాటితే వెలుగు కూడా వెనుకకు రాని హద్దు, కేంద్రానికి 30 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. కాబట్టి నక్షత్రం గడప తొక్కకముందే వాకిట్లో చీలుతుంది, మనకు కనబడుతుంది. పది కోట్ల సూర్యుల బిలం సంగతి వేరు. గడప పెరిగి పెరిగి, చీలే చోటుదాకా వచ్చి కూర్చుంటుంది. సూర్యునివంటి నక్షత్రం అక్కడ చీలకుండానే లోపలికి పోతుంది. వెలుగు లేదు, ఆనవాలు లేదు. చీలినవానికి సాక్ష్యం మిగులుతుంది, మింగబడినవానికి అదీ మిగలదు.

మరి ఇటువంటిది ఎన్నాళ్ళకొకసారి? ఒక గెలాక్సీలో పదివేల సంవత్సరాలకో లక్ష సంవత్సరాలకో ఒకసారి అని అంచనా. అందుకని ఒక గెలాక్సీని పట్టుకుని కాచుకుంటే లాభం లేదు, లక్షల గెలాక్సీలను రోజూ గమనించాలి. అందుకు మహా పెద్ద దుర్భిణులే కావాలనీ లేదు. 2014 నవంబరు 22న ఇటువంటి వెలుగును పట్టుకున్నది 14 సెంటీమీటర్ల కటకాలతో రాత్రి రాత్రీ ఆకాశాన్ని గాలించే దుర్భిణులు. అమెరికాలోని ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయంవారు నడిపే పథకమది. ఆ గెలాక్సీ మనకు 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. దానికి పెట్టిన పేరు ఏ.ఎస్.ఏ.ఎస్.ఎస్.ఎన్. 14 ఎల్.ఐ. మా ఆఫీసు ఫైళ్ళ నంబర్లే నయం!

ఫైళ్ళ మాట వచ్చినది గనుక, మాకు ఎక్కువ నచ్చిన సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ నక్షత్రం చీలిన వెలుగును ఆకాశంలో తిరిగే ఎక్సు కిరణాల దుర్భిణులు మూడు నమోదు చేసినవి. ఆ నమోదులు దాచిపెట్టి ఉన్నవి. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన ధీరజ్ పాశం, ఆయన తోటివారు ఆ పాత దస్త్రాలను విప్పి తిరగవేసినారు. ఆ పేరు చదవగానే మా ఇంట్లో అందరూ తలలెత్తినారు. ఆ ఇంటిపేరు మనవాళ్ళలో ఉన్నదే కదా! ఆ దస్త్రాలలో వారికి కనబడినదేమంటే, ఎక్సు కిరణాల వెలుగు 131 క్షణాలకొకసారి పెరిగి తగ్గుతున్నది. ఒకనాడు రెండునాళ్ళు కాదు, 450 రోజులపాటు తాళం తప్పలేదు. గడపకు అతి దగ్గరగా ఏదో పదార్థం గిరగిర తిరుగుతున్నది. అంత దగ్గరగా అంత వేగంగా తిరగాలంటే బిలం తానుగా వెలుగు వేగంలో కనీసం సగం వేగంతో తిరుగుతుండాలని వారు లెక్కకట్టినారు. ఆ సంగతి 2019లో సైన్స్ పత్రికలో వచ్చినది.

వెలుగు లేని వస్తువుకు కొలతలు తీసినారన్నమాట! తీసినది దేనితో? చనిపోయిన నక్షత్రం వదలిన వెలుగుతో, అటకమీది కాగితాలతో. రికార్డు గదిలో దుమ్ము దులిపిన మావంటి వాళ్ళకు ఆ సంతోషం ఎటువంటిదో తెలుసు. కాగితం ఉంటే చాలదు. దానిని చదవగలవాడు ఒకడు రావాలి.

ఇక చురుకైన గెలాక్సీల మాట. కొన్ని గెలాక్సీల నడుమనున్న బిలం చుట్టూ ఎప్పుడూ వాయువు చక్రంలాగా తిరుగుతూ, కాగుతూ, లోపలికి జారుతూ ఉంటుంది. అవి ఎప్పుడూ మండే పొయ్యిలు. ఈ పొయ్యికి నక్షత్రాలే కట్టెలేమోనని 1975లో హిల్స్ అనే శాస్త్రజ్ఞుడు సూచించినాడు. ఇప్పుడు ప్రధానమైన మేత వాయువేననీ, నక్షత్రం అప్పుడప్పుడు దొరికే మేత అనీ అభిప్రాయం. చిక్కేమంటే, చీకటింట్లో అగ్గిపుల్ల గీస్తే వీధికంతా కనబడుతుంది. మండుతున్న పొయ్యిలో పడిన పుల్లను గుర్తించేదెట్లా? పొయ్యి తనంతట తానే రోజూ ఎగిసి తగ్గుతుంటుంది. అందుకని చురుకైన గెలాక్సీలో ఒక వెలుగు పెరిగితే, అది నక్షత్రం చీలినందువల్లనా, లేక మామూలు ఎగసిపాటా అని పంచాయతీ తప్పదు.

1927+654 అనే అంకెలతో పిలిచే చురుకైన గెలాక్సీ ఒకటి 2017 చివరలో ఉన్నట్టుండి వెలిగినది. తర్వాత 2018లో దాని ఎక్సు కిరణాలు పదివేల వంతుకు పడిపోయినవి, మళ్ళీ కొన్ని నెలలకు మునుపటికంటె ఎక్కువగా లేచినవి. ఒక నక్షత్రం చక్రంలో పడి దానిని చెదరగొట్టి ఉంటుందని ఒక వివరణ. పొయ్యిలో పచ్చికట్టె పడితే మంట కాసేపు అణగి, తర్వాత భగ్గుమన్నట్టు.

అన్నిటికంటె పెద్దది 2025 నవంబరులో ప్రకటించినారు. దాని అంకె జె. 2245+3743. అమెరికాలో కాలిఫోర్నియా సాంకేతిక విద్యాసంస్థకు చెందిన మాథ్యూ గ్రాహం, ఆయన తోటివారు కనుగొన్నది. ఆ వెలుగు 2018లోనే కనబడినది. అప్పుడు విశేషమేమీ తోచక పక్కన పెట్టినారు. కొన్నేళ్ళ తర్వాత చూస్తే అది అణగవలసినంత అణగలేదు. 2023లో పెద్ద దుర్భిణితో మళ్ళీ పరీక్షిస్తే, అది 1000 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నదనీ, ఉచ్ఛస్థితిలో 10 లక్షల కోట్ల సూర్యుల వెలుగు వెలిగినదనీ తేలినది. అక్కడి బిలం బరువు 50 కోట్ల సూర్యులు. అంత పెద్ద బిలం సూర్యునివంటి దానిని చీల్చదు, మింగుతుంది అని పైన చెప్పుకున్నాము. కాబట్టి చీలిన నక్షత్రం చిన్నది కాదు, కనీసం 30 సూర్యుల బరువుండాలని వారి నిర్ణయం. పెద్ద నక్షత్రానికి ఒళ్ళు పెద్దది, ఈ వైపుకూ ఆ వైపుకూ తేడా ఎక్కువ, గడపకు బయటనే చీలుతుంది.

ఇందులో ఇంకొక వింత. విశ్వం వ్యాకోచిస్తున్నది గనుక, అంత దూరంనుంచి వచ్చే వెలుగుతోపాటు కాలం కూడా సాగి మనకు చేరుతుంది. మనకు ఇక్కడ ఏడేళ్ళు గడిస్తే, అక్కడ గడిచినది రెండేళ్ళే. నక్షత్రం ఇంకా పూర్తిగా లోపలికి పోలేదు. మనం చూస్తున్నది ముగిసిన కథ కాదు, నడుస్తున్నదే.

"ఇదంతా అమెరికాలోనేనా?" అని మా ఇంట్లో అడిగినారు. కాదు. మన బొమ్మిడిలో రైలెక్కి, మొరప్పూరు, సామల్‌పట్టి దాటి తిరుపత్తూరులో దిగితే, అక్కడినుంచి జవ్వాది కొండల్లో కావలూరు ఉన్నది. 1968లో 38 సెంటీమీటర్ల దుర్భిణితో ఆ వేధశాలను మొదలుపెట్టించిన వైణు బాప్పు హైదరాబాదులో పెరిగినవాడు. తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. మన దేశంలోనే తయారైన 2.34 మీటర్ల దుర్భిణికి 1986లో ఆయన పేరు పెట్టినారు. అది చూడడానికి ఆయన లేరు, 1982లోనే పోయినారు. కావలూరును నడిపే బెంగళూరు సంస్థవారే లడఖ్‌లోని హాన్లేలో కూడా వేధశాల నడుపుతున్నారు. అక్కడ బొంబాయి ఐ.ఐ.టి.తో కలిసి పెట్టిన 70 సెంటీమీటర్ల దుర్భిణి ఒకటి ఉన్నది. 2022 ఫిబ్రవరిలో 850 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఒక నక్షత్రం చీలి, వెలుగు ధార నేరుగా మన వైపుకే చిమ్మినప్పుడు, దానిని వెంటాడి కొలిచినవాటిలో ఆ దుర్భిణి కూడా ఉన్నది.

మా అమ్మ ఇదంతా విని ఒకటే అడిగినది: "మన సూర్యునికేమీ కాదు కదా?" కాదు. మన పాలపుంత నడుమ కూడా 40 లక్షల సూర్యుల బరువున్న బిలం ఉన్నది గాని, మనకు సుమారు 26 వేల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ఇప్పుడది మందకొడిగా ఉన్నది. మన సూర్యుడు దాని వాకిటికి పోయే దారిలో లేడు. నిశ్చింతగా పడుకోవచ్చు.

ఇక పెదనాన్నగారి చీటీ.

పెదనాన్నగారూ, మీరు రాసినది నిజం. మన ముత్తాతలు ఈ నేలకు వచ్చి ఎన్ని తరాలైనదో మనకే లెక్క తెలియదు. తమిళం మనలను లాగినందువల్ల మన పిల్లలు తెలుగుకు దూరమైనారని మేమూ అనుకునేవాళ్ళం. ఇప్పుడు అనుకోవడం లేదు. తమిళం మనకు అన్నం పెట్టినది, అది మనందరినీ లాగినది. మా తరం దాకా రెండూ ఉన్నవి. పట్టు జారినది ఎక్కడంటే, పిల్లలు ముందుకు పరుగెత్తుతుంటే, మనం తెలుగును పెళ్ళికీ, దినానికీ, పండుగ పొద్దుకూ ఉంచుకుని వెనుక నడిచినాము. పిల్ల నక్షత్రం గురించి అడిగితే తమిళంలోనో ఇంగ్లీషులోనో చదువుకోమన్నాము. తెలుగులో అడిగిన ప్రశ్నకు తెలుగులో జవాబు లేకపోతే, ఆ పిల్ల ఆ అక్షరాలు ఎందుకు నేర్చుకోవాలి? ఈ తప్పులో మా వంతు మేము ఒప్పుకుంటున్నాము. మా అమ్మాయికి అక్షరాలు నేర్పడానికి పన్నెండేళ్ళు మాకు తీరిక చిక్కలేదు. రాత్రి ఎనిమిదికి ఇంటికి వచ్చే గుమాస్తాకు సాకులు కొదవ లేదు.

ఈ నెల జరిగినది చెబుతాము. మేము రాసినది చదివి వినిపిస్తుంటే, రెండవ వారానికి ఆమెకు ఓపిక పోయినది. "మీరు నెమ్మదిగా చదువుతారు, ఇటివ్వండి" అని కాగితం లాక్కున్నది. వేలు పెట్టి, కూడబలుక్కుని, ఒక పేజీకి గంటసేపు పట్టినది. "బిలం" అన్నచోట "బలం" అని చదివి, అర్థం చెడితే తానే దిద్దుకున్నది. తప్పు పట్టవలసినవి మూడు కనిపెట్టినది, ఒకటి లెక్కలో, రెండు మా గుణింతాల్లో.

మీ పెట్టెలోని ఉత్తరాలు చదివేవారెవరని అడిగినారు. ఫలానావారని మాట ఇచ్చే ధైర్యం మాకు లేదు. ఆ ఉత్తరాలు చదవడానికి మీ అనుమతి కావాలి, అది వేరే సంగతి. ఒకటి మాత్రం మనవి చేస్తాము. వచ్చే ఆదివారం సాయంకాలం మా అమ్మాయి మీ ఇంటికి వస్తానంటున్నది. మీ మనుమణ్ణి కూడా కూర్చోబెట్టండి. ఈ సంచికే చేతికిచ్చి, ఇద్దరిచేతా చదివించండి. తప్పులు వస్తవి. కోప్పడకుండా దిద్దండి. "పోటు" అన్న మాటకు మీకు తెలిసిన అర్థం ఇంకేదైనా ఉంటే అది కూడా చెప్పండి. మాకు రెండే తెలిసినవి.